మోషేకి సోడా పొయ్యొద్దు

అడ్డతీగల,
5-7-1998.

తమ్ముడు సాలమోనుకి అక్క రాహేలు దీవెనలు. మరదలు క్రిస్టీనాని అడిగానని చెప్పు.

వచ్చి వారమైంది. కొండలు మొదలయ్యాక బస్సులో ఏడుపొచ్చింది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. కొత్త హెడ్‌మిస్ట్రెసు ఏడుస్తూ దిగితే బాగుండదు కదా. స్కూలు మంచిదే. పిల్లలు గిరిజనుల ఆడపిల్లలు, బెదురు ఎక్కువ, ఇంకా నాతో మాట్లాడడం లేదు. హాస్టలు ఆవరణలోనే నాకు రెండు గదులిచ్చారు. పిల్లలు పడుకునే చోట కుక్కని ఉంచకూడదన్నారు. అదీ న్యాయమే. అందుకే మోషేని నీకు అప్పగించి రావలసి వచ్చింది.

వాడి సంగతి నీకు కొత్త కాదు, అయినా రాస్తున్నాను. అన్నంలో చేప కలిపితే ముళ్ళు తీసి పెట్టు. ఉరిమితే మంచం కిందకి దూరతాడు, లాగొద్దు. గొలుసు వెయ్యొద్దు. తుపాను నాడు కాలవలో కొట్టుకుపోతుంటే మీ బావగారు మొలలోతు నీళ్ళలో దిగి తీసిన ప్రాణం అది. బైబిల్లో లాగా నీళ్ళలోంచి తీశాను కాబట్టి మోషే అన్నారు. ఆ పేరు పెట్టిన మనిషి మరుసటేడు లేరు. ఆ ఇంట్లో ఆయన్ని ఎరిగినవాళ్ళం నేనూ వాడూ మిగిలాం. ఇప్పుడు ఆ ఇంటికి తాళం.

వాడు అన్నం తింటున్నాడో లేదో వెంటనే రాయి.

నీ అక్క,
రాహేలు


రాజోలు,
2-8-1998.

అక్కకి నమస్కారాలు చేసుకుని సాలమోను రాస్తున్నది.

నీ ఉత్తరం అందింది. ఆయ్, అన్నీ నువ్వు చెప్పినట్టే జరుగుతున్నాయి. మొదట్లో మోషే వీధి గుమ్మంలో పడుకుని బస్సు చప్పుడైతే చాలు లేచి చూసేవాడు. క్రిస్టీనా చేత్తో ముద్దలు పెట్టింది. ఇప్పుడు కుదుటపడ్డాడు. పొద్దున్నే నాకంటే ముందు బయల్దేరి బస్టాండులో మన సోడాషాపు దగ్గర కూర్చుంటున్నాడు. సీసాలో గోళీ ఠప్పుమని దిగితే చెవులు రెండూ నిలబెట్టేస్తాడు.

ఒక తమాషా చెప్తాను విను. మొన్న నిమ్మసోడా కింద ఒలికింది. వీడు నాకేడు. గ్యాసు ముక్కులోకి కొట్టి ఒకటే తుమ్ములు. తుమ్మడం, మళ్ళీ నాకడం! మలికిపురం బస్సు దిగిన జనం షాపు ముందు నిలబడిపోయేరు. "ఏవండోయ్ సాలమోనుగారూ, మీ కుక్క గారికి ఇంకో సోడా కొట్టండి, మా తరఫున" అన్నారొకాయన. కొట్టేను. నవ్వినవాళ్ళందరూ తలో సోడా తాగి వెళ్ళేరు.

చాలా రోజులకి షాపు ముందు జనం కనబడ్డారక్కా. ఎదురుగా అప్పారావు ఫ్రిజ్జు పెట్టి రంగురంగుల డ్రింకులు అమ్ముతున్నాడు కదా, గోళీసోడా అడిగేవాళ్ళు పల్చబడిపోయేరు. మోషే వచ్చిన వేళ మంచిదనుకుంటున్నాం.

ఉంటాను మరి,
సాలమోను


అడ్డతీగల,
16-8-1998.

తమ్ముడికి దీవెనలు.

ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత భయమేసింది. మోషేకి సోడా పొయ్యొద్దు. తమాషాకి కూడా వద్దు.

ఇక్కడ మేకలకి మందులెయ్యడానికి పశువుల డాక్టరు ఒకాయన వారం వారం వస్తారు. ఆయన్ని అడిగాను. "ఒకసారి నాలుగు చుక్కలు నాకితే ఏమీ కాదమ్మా, అలవాటు చెయ్యకండి. మనం తేన్చినట్టు కుక్క తేలిగ్గా తేన్చలేదు. గ్యాసు కడుపులో నిలబడిపోతుంది. పెద్ద కుక్క, ఛాతీ లోతుగా ఉన్న కుక్క అయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి" అన్నారు. పంచదార వల్ల ఒళ్ళు పెరుగుతుంది, పళ్ళు పోతాయి. ఆ నల్ల డ్రింకుల్లో కాఫీలో ఉండే మందు కూడా ఉంటుంది, అది కుక్క గుండెకి పడదట. వాటికి నీళ్ళు తప్ప ఏ తాగుడూ అక్కర్లేదన్నారు.

మనుషులకే మంచిది కాని ఆ గ్యాసు నీళ్ళు నోరులేని జీవానికి ఎందుకు చెప్పు? వచ్చేపోయేవాళ్ళు నవ్వడానికా? నీకు ఎప్పుడూ నలుగురు నవ్వితే చాలు. చిన్నప్పుడూ అంతే.

ఇక్కడ వానలు. పిల్లలు ఇద్దరికి చలిజ్వరం, రాత్రంతా దగ్గరే ఉన్నాను. క్రిస్టీనాని మోకాలినొప్పికి నూనె రాసుకోమను.

రాహేలు


రాజోలు,
6-9-1998.

పూజ్యులైన టీచరుగారికి,

మీరు రాసింది అందిందండి. చదివి క్రిస్టీనాకి కూడా వినిపించేను. ఆవిడ ఊరుకోమంది. నాకే ఊరుకోబుద్ధి కాలేదు.

ఆ గ్యాసు నీళ్ళు అన్నారు. నాన్న ఏసుపాదంగారు తోపుడుబండి మీద అమ్మినవి ఆ నీళ్ళేనండి. మన తాత ఒకరి చేలో పాలేరు. మన నాన్న ఆ చేను దాటి రోడ్డు మీదకొచ్చి సోడాబండి పెట్టుకున్నాడు. ఎండలో వీధి వీధీ తిరిగి ఆయన అమ్మితే మీరు కాకినాడలో ట్రైనింగు చదివేరు. నాకు చదువు అబ్బలేదు, సోడా మిషను ఇచ్చేడు. ఇప్పుడా నీళ్ళు మనుషులకి కూడా మంచివి కాకుండా పోయేయి. మీ స్కూల్లో పిల్లలకి మీ నాన్నగారు ఏం చేసేవారో చెప్పేరా, లేక అదీ చెప్పకూడని సంగతేనా?

నేను నలుగురినీ నవ్వించి అమ్ముకునేవాణ్ణి. అది నాకు తెలుసు.

మీ కుక్కకి సోడా పొయ్యను. మాట ఇస్తున్నాను.

ఇట్లు,
ఎం. సాలమోను


అడ్డతీగల,
13-12-1998.

తమ్ముడూ,

నువ్వు మీరు అని రాసిన ఉత్తరానికి మూడు నెలలు జవాబు రాయలేకపోయాను. నాన్న సంగతి ఇక్కడ అందరికీ చెప్పాను. వచ్చిన మొదటి వారమే ప్రార్థనలో చెప్పాను. నీకు తెలియక అన్నావు, పోనీలే. నేను రాసింది నాన్న గురించి కాదు, కుక్క గురించి. నీకు అలా ఎందుకు తగిలిందో ఎంత ఆలోచించినా తెలియలేదు.

క్రిస్మస్‌కి రాలేను. కొండమీద ఊళ్ళ పిల్లలు కొందరు ఇళ్ళకి వెళ్ళలేక ఇక్కడే ఉండిపోయారు. వాళ్ళని వదిలి ఎలా రాను? మా స్కూలు జీపు డ్రైవరు మత్తయి మన రాజోలు వాడే. పండగ ముందు ఒక్క పూట ఇంటికి వచ్చి తిరిగి వచ్చేస్తాడు. అతని చేత క్రిస్టీనాకి చీర, మోషేకి సంతలో కొన్న ఎండు మాంసం ఒరుగులు పంపిస్తున్నాను. వాడికి నా చేతి వాసన తగిలితే చాలు, నేనే వచ్చాననుకుంటాడు.

ఇంకో మాట. కిందటిసారి ఊరొచ్చినప్పుడు మత్తయి మీ షాపు ముందు ఆగాడట. నువ్వూ ఫ్రిజ్జు పెట్టి ఆ రంగు డ్రింకులు అమ్ముతున్నావట. మోషే సీసా నోట కరుచుకుని నల్ల డ్రింకు తాగుతుంటే జనం మూగి ఉన్నారట. "అబ్బో, భలే తాగుతాడండి మీ మోషే" అని అతను సంతోషంగా చెప్పాడు. సోడా పొయ్యనని మాటిచ్చావు. సోడా అంటే గోళీసీసాలో ఉన్నదొక్కటే అనుకున్నావా? గ్యాసు ఎందులో ఉన్నా గ్యాసే. కోపంతో రాయడం లేదు, బతిమాలుతున్నాను.

మీ అందరికీ ముందుగా పండగ దీవెనలు.

రాహేలు


రాజోలు,
10-1-1999.

అక్కకి,

మేం క్షేమం. పండగ బాగానే జరిగింది. చర్చిలో ఈసారి రంగుకాగితాల పని నాదే. చీర క్రిస్టీనాకి నచ్చింది, నీకు చెప్పమంది. ఒరుగులు మత్తయి ఇచ్చేడు. మోషేకి పెట్టేం. ఇష్టంగా తిన్నాడు.

డ్రింకు సంగతి రాసేవు. ఇప్పుడు తాగడం లేదు. ఒక్క చుక్క కూడా తాగడం లేదు. నువ్వు ఇంక దాని గురించి దిగులు పెట్టుకోకు.

పనుల మీద ఉన్నాను, ఎక్కువ రాయలేకపోతున్నాను.

సాలమోను


అడ్డతీగల,
24-1-1999.

నా బంగారు తమ్ముడికి,

మళ్ళీ అక్కా అని రాశావు. ఆ ఒక్క మాట చూసుకుని ఉత్తరం రెండుసార్లు చదివాను. నా మాట మన్నించి మాన్పించావు కూడా. షాపుకి జనం తగ్గుతారని తెలిసీ మాన్పించావు. నేను నిన్ను చిన్నప్పటి సాలమోనుగానే చూస్తున్నానేమో, నువ్వు ఎప్పుడో పెద్దవాడివైపోయావు.

ఒరుగులు తిన్నాడని రాశావు, చాలా తృప్తిగా ఉంది. ఈసారి మరికొన్ని పంపిస్తాను. ఇక్కడి పిల్లలు ఇప్పుడు నాతో బాగా మాట్లాడుతున్నారు. సాయంత్రాలు మోషే కథలు చెప్పమంటారు. తుపాను నాడు మీ బావగారు వాణ్ణి చొక్కాలో చుట్టుకుని తెచ్చిన కథ చెప్పాను. ఒక పిల్ల, "ఆ కుక్కని మేం అడిగామని రాయండి టీచర్" అంది. రాస్తున్నాను. వాడికి చదివి వినిపించు, నవ్వకు.

వీలైతే వాడి ఫోటో ఒకటి తీయించి పంపు. వాడి నుదుటి మీద తెల్లమచ్చ ఉంది కదా, అక్కడ నా బదులు ఒక ముద్దు పెట్టు.

నీ అక్క,
రాహేలు


రాజోలు,
14-3-1999.

అక్కకి నమస్కారాలు.

ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు. ఎండలు ముదిరేయి. మోషే బాగున్నాడు. నువ్వు వదిలేసి వెళ్ళిన పాత నీలంచీర కింద పరిచేం, దాని మీద పడుకుంటున్నాడు. పిల్లలు అడిగినట్టు చెప్పేను. తోక ఊపేడు.

ఫోటోకి స్టూడియో ఆయన ఊళ్ళో లేడు. కూతురి పెళ్ళి పనుల మీద తిరుగుతున్నాడు.

ఒరుగులు పంపకు, ఇక్కడ మాంసం దొరుకుతోంది. వేసవి సెలవులకి ఇంత దూరం ఎండలో పడి రావడం ఎందుకు, వానలు పడ్డాక నేనే వచ్చి నిన్ను చూసి వెళ్తాను.

సాలమోను


అడ్డతీగల,
9-5-1999.

సాలమోనుకి,

గురువారం నేను రాజోలు వచ్చాను. నువ్వు ఫ్రిజ్జు బాగుచేయించడానికి అమలాపురం వెళ్ళావట. చెప్పకుండా వచ్చి వాణ్ణి ఆశ్చర్యపెడదామనుకున్నాను. కుక్కని ఆశ్చర్యపెట్టాలనుకునే వయసా నాది.

క్రిస్టీనా తలుపు తీసి నన్ను చూసి కొయ్యబారిపోయింది. "మోషే ఏడమ్మా?" అన్నాను. "షాపు దగ్గర..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. "వదినగారూ, నేను చెప్పలేనండి, ఆయన చెప్పొద్దన్నారండి" అని నా చేతులు పట్టుకుని ఏడ్చింది. పెరట్లోకి తీసుకెళ్ళి కొబ్బరిచెట్టు పక్కన పూడ్చిన చోటు చూపించింది. ఆ మట్టి మీద అప్పటికే గడ్డి మొలిచింది. ఎప్పుడని అడిగితే, క్రిస్మస్ మర్నాడు అంది.

కాఫీ తాగమంది. తాగలేదు. వచ్చిన బస్సుకే తిరిగి వచ్చేశాను.

క్రిస్మస్ మర్నాడు. నువ్వు జనవరిలో రాశావు, ఒక్క చుక్క కూడా తాగడం లేదని. నిజమే రాశావు. నేను బంగారు తమ్ముడా అని రాశాను. మార్చిలో రాశావు, నా చీర మీద పడుకున్నాడని, తోక ఊపాడని. ఎలా రాశావురా? కలం పట్టుకుని, తోక ఊపేడు అన్న మాట ఎలా రాశావు?

ఏం జరిగిందో నువ్వే రాయి. ఇంకెవరి నోటా వినను.

రాహేలు


రాజోలు,
23-5-1999.

అక్కకి,

అడిగేవు కాబట్టి రాస్తున్నాను. దాచను.

పండగ మర్నాడు షాపు ముందు ఇసకేస్తే రాలనంత జనం. అప్పనపల్లి దర్శనానికి వెళ్ళొస్తున్న జీపులు ఆగేయి. పొద్దున్న నువ్వు పంపిన ఒరుగులు పెట్టేం. పొట్లం బల్ల మీద పెట్టి క్రిస్టీనా లోపలికి వెళ్ళి వచ్చేసరికి వీడు లాగేసుకుని మిగిలినవి కూడా తినేసేడు. ఉప్పు కదా, నాలుక బయటపెట్టి కూర్చున్నాడు.

సూరిబాబని మన వీధి చివర టైర్ల కొట్టు ఆయన, స్నేహితులతో వచ్చేడు. "పెద్ద సీసా మొత్తం తాగుతాడేంటి సాలమోనూ?" అన్నాడు. తాగడనుకుని పళ్ళెంలో పోసేను. దాహం మీదున్నాడేమో, గటగటా తాగేసేడు. జనం ఈలలు. జీపులోవాళ్ళు కెమెరా తీసి "ఇంకోసారండీ, ఫోటో రాలేదు" అన్నారు. ఇంకోటి పోసేను. గెంతించమన్నారు, గెంతించేను. ఎదురుగా అప్పారావు తన షాపు వదిలి వచ్చి చూస్తున్నాడు. అక్కా, ఆ రోజు నాకు ఎంత గొప్పగా అనిపించిందో నీకు ఎలా చెప్పాలి.

కాసేపటికి వాడు పక్కకి పోయి నాలుగు కాళ్ళూ ఎడంగా పెట్టి నిలబడ్డాడు. కక్కడానికి చూస్తున్నాడు, ఏమీ రావడం లేదు, నురగ తప్ప. కడుపు డోలులా బిగిసిపోయింది. సూరిబాబు "గ్యాసండి, అదే పోతుంది" అన్నాడు. కాసేపు చూసేం. చూడకుండా ఉండాల్సింది. తర్వాత కారు మాట్లాడి అమలాపురం తీసుకెళ్ళేను. గన్నవరం, అంబాజీపేట, దారి పొడవునా నా ఒళ్ళోనే ఉన్నాడు, నా చెయ్యి నాకుతూనే ఉన్నాడు. డాక్టరుగారు సూది గుచ్చి గ్యాసు తీసేరు. "కడుపు మెలిపడిందయ్యా, ఆపరేషను చేసేంత సదుపాయం ఇక్కడ లేదు, చేసినా బతకడం కష్టం" అన్నారు. అక్కడి వరండాలోనే పోయేడు.

ఎందుకు అబద్ధం రాసేవని అడిగేవు. బావగారు పోయినప్పుడు నువ్వు నెలల తరబడి మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకోవడం చూసినవాణ్ణి నేను. మళ్ళీ నిన్ను అలా చేసింది నేనే అంటే నా వల్ల కాలేదు. ఒకటి రాసేను. దాని మీద నువ్వు బంగారు తమ్ముడని రాసేవు. ఆ తర్వాత నిజం రాయడానికి దారి లేకపోయింది.

ఇది కూడా చెప్పి ముగిస్తాను. అంత ఉప్పు మాంసం పంపింది నువ్వు. నానబెట్టి పెట్టాలని ఒక్క ముక్క రాసేవు కాదు. సోడా ఒక్కటే చంపిందని డాక్టరుగారు అనలేదు. నువ్వు వెళ్ళి అడుగు.

సాలమోను


అమలాపురం,
6-6-1999.

సాలమోనుకి,

అడగమన్నావు, వచ్చి అడిగాను. ఇప్పుడు పశువుల ఆసుపత్రి బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. ఇక్కణ్ణుంచి రాజోలు బస్సు ఉంది. నేను రాజమండ్రి బస్సు ఎక్కుతాను.

డాక్టరుగారికి మోషే గుర్తున్నాడు. నిన్ను కూడా మర్చిపోలేదు. నువ్వు చొక్కా విప్పి వాడికి కప్పావట, "ఏదో ఒకటి చెయ్యండి, మా అక్క కుక్కండి" అని ఆయన కాళ్ళు పట్టుకున్నావట. అది నువ్వు రాయలేదు.

నీ ప్రశ్న అడిగాను. ఆయన ఇలా చెప్పారు. "ఇదొక్కటే కారణమని చెప్పలేనమ్మా. ఇవేమీ లేకుండా కూడా పెద్ద కుక్కలకి ఒక్కోసారి కడుపు తిరిగిపోతుంది. కానీ ఉప్పు మాంసం అంత తిని, దాహంతో అంత గ్యాసు డ్రింకు ఒక్కసారి తాగి, ఆ మీద గెంతితే, ఇక తప్పించుకునే దారి ఎక్కడుంది? సోడా పరవాలేదా అని చాలామంది అడుగుతారు. చుక్క నాకిన కుక్క చచ్చిపోదు. అలవాటైన కుక్కకి చుక్కతో సరిపోదు." అంతే అన్నారు.

నానబెట్టమని నేను రాయలేదు. ఈ కొండల మీద అందరికీ తెలిసిన సంగతి, నీకూ తెలుసనుకున్నాను. ఆ భాగం నాది. దాన్ని నీ మీదకి నెట్టను. సూరిబాబునీ, జీపులోవాళ్ళనీ ఏమీ అనను. సీసా మూత తీసిన నీ చేతిని కూడా, ఎప్పటికైనా మర్చిపోతానేమో. వాడు పోయేముందు నాకింది ఆ చేతినే కదా.

తర్వాత రాసిన ఉత్తరాల సంగతి వేరు. చచ్చిపోయిన కుక్కకి నేను నాలుగు నెలలు ముద్దులు పంపించాను. నువ్వు అందుకుని, అందాయని జవాబు రాశావు. నేను ఆ జవాబులు హాస్టలు పిల్లల్ని కూర్చోబెట్టుకుని చదివి వినిపించాను. మొన్న రాజోలు నుంచి తిరిగి వెళ్ళాక, సెలవుల్లో హాస్టల్లోనే ఉండిపోయిన పిల్లలు మోషే ఎలా ఉన్నాడని అడిగారు. బాగున్నాడని చెప్పాను. నీ మాటే నా నోట వచ్చింది. అప్పుడు తెలిసింది, ఎంత తేలికో. అందుకనే నిన్ను క్షమించడం ఇంకా కష్టమైంది.

అక్కాతమ్ముళ్ళం ఉన్నది మనిద్దరమే. తెగతెంపులు చేసుకునే వయసు కాదు, ఉత్తరాలు మానెయ్యమని అనను. అయితే మీరు క్షేమమని నువ్వు రాస్తే నేను నమ్మలేను. ఇకమీదట క్రిస్టీనా చేత రాయించు. ఆ పిల్ల నా మొహం చూసి అబద్ధం చెప్పలేకపోయింది.

రాహేలు